స్కాన్‌లో తేడా కనిపిస్తే తల్లికి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

కడుపులో బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ గురించి విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో వైద్యం గురించి అడిగినవి తక్కువ, చెప్పే తీరు గురించి అడిగినవే ఎక్కువ. స్కాన్ తీసేవాళ్లూ, తీయించుకున్నవాళ్లూ, ఇద్దరి మధ్యా నలిగేవాళ్లూ రాశారు. కొన్నింటికి మా పిండ వైద్య నిపుణులు, కౌన్సెలర్ కలిసి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: స్కానింగ్ సెంటర్ నడుపుతున్నాను. టిఫాలో పెద్ద లోపం కనిపిస్తే నేను నోరు విప్పను. రిపోర్టు కవర్లో పెట్టి ‘మీ డాక్టరమ్మ గారికి చూపించండి’ అని పంపేస్తాను. లింగ నిర్ధారణ చట్టం ఉంది కదా, ఎందుకొచ్చిన గొడవ అని. ఇది సరైనదేనా? టేబుల్ మీదున్న తల్లికి అప్పటికప్పుడు ఏమని చెప్పాలి?
– సోనాలజిస్టు, గాజువాక

జవాబు: ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం వద్దన్నది బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని. మాటతో చెప్పినా, సైగ చేసినా, మరే రకంగా తెలియజేసినా నేరమే. లోపం గురించి చెప్పొద్దని అందులో ఎక్కడా లేదు. పైగా మీరు రోజూ నింపే ఫారం-ఎఫ్‌లోనే ఫలితాన్ని ఎవరికి, ఏ తేదీన తెలియజేశారో రాయడానికి గడి ఉంది. చాలా సెంటర్లలో అది ఖాళీగానో, మొక్కుబడిగానో ఉంటుంది. మీరు జాగ్రత్త పడాల్సింది నోటి అలవాటు దగ్గర. ‘బాబుకి’, ‘పాపకి’ అని మాటల్లో దొర్లిపోతుంది. ‘బిడ్డ’ అన్న మాటకే కట్టుబడండి.

ఇక ఆ కవరు. మీరు అంటించినట్టే అది డాక్టరు టేబుల్ మీదికి చేరుతుందనుకోకండి. ఆటో ఎక్కగానే విప్పుతారు. ఒక్కో మాటా ఫోన్‌లో కొట్టి చూస్తారు. ఫొటో తీసి బంధువుల్లో ఎవరు ఆసుపత్రిలో పనిచేస్తుంటే వాళ్లకి వాట్సాప్ చేస్తారు. మీరు చెప్పని మాట ఇంకొకరు తప్పుగా చెబుతారు, అంతే తేడా. చూసింది మీరు కాబట్టి ఏం చూశారో చెప్పాల్సింది మీరే. ఏం చేయాలన్న చర్చ మాత్రం ప్రసూతి డాక్టరుతోనూ, పిండ వైద్య నిపుణులతోనూ జరగాలి. ఈ గీత తెలియకే కొందరు అసలు మాట్లాడరు, ఇంకొందరు టేబుల్ మీదే ‘తీయించేసుకోండి’ అనేస్తారు. రెండోది ఇంకా ప్రమాదం.

పని ప్రోబ్ పెట్టకముందే మొదలవుతుంది. ‘అమ్మా, స్కాన్‌కి అరగంట దాకా పట్టొచ్చు. మధ్యలో నేను మాట్లాడను, కొలతలు తీసుకుంటుంటాను. మాట్లాడకపోతే ఏదో ఉందని అనుకోకండి. అయ్యాక అన్నీ చెబుతాను’ అని ముందే చెప్పండి. టేబుల్ మీదున్న తల్లి తెరని చూడదు, మీ మొహాన్ని చూస్తుంది. మీరు ఒకే చోట ప్రోబ్ ఆపి నాలుగోసారి కొలుస్తున్నారంటే ఆమెకి అర్థమైపోతుంది. ‘ఏమైనా ఉందా డాక్టర్ గారూ?’ అని మధ్యలో అడిగితే ‘ఏం లేదు’ అని అబద్ధమాడకండి. ‘ఒక చోట మళ్లీ చూడాల్సి ఉంది. పూర్తిచేసి వివరంగా చెబుతాను’ అంటే చాలు. పక్క గదిలోని డాక్టరును పిలిచి ఆమె పొట్ట మీదుగా ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవడం అన్నిటికంటే చెడ్డ పని. ‘అబ్‌నార్మల్’, ‘డిఫెక్ట్’ అన్న మాటలు ఎవరికి తెలియవు?

అన్ని అవయవాలూ చూడటం పూర్తిచేయండి. ఒకటి దొరికిందని అక్కడే ఆగిపోతే రెండోది వదిలేస్తారు. తర్వాత జెల్ తుడుచుకోవడానికి ఆమెకి టిష్యూ ఇచ్చి, చీర సర్దుకుని లేచి కూర్చోనివ్వండి. పడుకున్న మనిషికి నిలబడి చెప్పకూడదు. మీరూ కూర్చోండి. తలుపు వేయండి, ఫోన్ పక్కన పెట్టండి, తర్వాతి పేషెంటుని లోపలికి పంపొద్దని సిస్టర్‌కి చెప్పండి. ‘మీతో ఎవరు వచ్చారు? వాళ్లని లోపలికి పిలవమంటారా?’ అని ఆమెనే అడగండి. బయట ఆరుగురుంటే అందరూ తోసుకుని వస్తారు. ఎవరు రావాలో ఎంచుకోవాల్సింది ఆమె.

మొదటి వాక్యం హెచ్చరికలా ఉండాలి. ‘అమ్మా, స్కాన్‌లో నేను అనుకోనిది ఒకటి కనిపించింది. దాని గురించి చెప్పాలి.’ రెండు క్షణాలాగి అసలు విషయం. వెన్నెముక లోపమైతే ఇలా చెప్పొచ్చు: ‘బిడ్డ వెన్నెముక కింది భాగంలో ఎముకలు మూసుకోవాల్సిన చోట మూసుకోలేదు. అక్కడ చిన్న నీటి తిత్తి ఉంది. దీన్ని స్పైనా బైఫిడా అంటారు. ఉందని నాకు స్పష్టంగానే తెలుస్తోంది. కాళ్ల కదలిక, మూత్రం మీద అదుపు ఎంతవరకు దెబ్బతింటాయో ఈ ఒక్క స్కాన్‌తో నేను చెప్పలేను.’ ఏం చూశారు, అది ఎంత ఖాయం, ఏది ఇంకా తెలియదు, ఇవన్నీ ఇందులో వచ్చేశాయి. అంతకుమించి అప్పుడు ఎక్కించకండి. ఆ మొదటి మాట తర్వాత ఆమె చెవికి ఇంకేదీ పట్టదు.

చెప్పాక ఆగండి. అర నిమిషం నిశ్శబ్దం మీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికే ‘టెన్షన్ పడకండి’, ‘వయసుంది, మళ్లీ పుడతారు’ లాంటివి నోట్లోంచి వస్తాయి. ఆమెకి కావలసింది ‘ఈ బిడ్డ’ సంగతి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ బాధగానే ఉంది’ అనడంలో చిన్నతనం లేదు. తర్వాత ‘నేను చెప్పింది మీకు ఎలా అర్థమైందో ఒకసారి చెప్పండి’ అని అడగండి. ‘బిడ్డ బతకదన్నారు’ అనో, ‘మందులిస్తే మూసుకుంటుందన్నారు’ అనో ఆమె అందంటే, మీరు చెప్పింది చేరలేదన్నమాట. రిపోర్టు వెనక పెన్నుతో బొమ్మ గీయండి. వెన్నెముక బొమ్మ ఒక్కటి పది వాక్యాల పని చేస్తుంది.

ఆఖరికి దారి చూపించాలి. ఆమె ఎదుటే డాక్టరుకి ఫోన్ చేసి, ఆ రోజుకో మర్నాటికో టైమ్ ఖాయం చేసి, ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద తెలుగులో రాసివ్వండి. శనివారం సాయంత్రం స్కాన్‌లో కనిపిస్తే సోమవారం దాకా ఆమె ఎవరిని అడగాలి? ఆ నంబరూ రాయండి. మొత్తం కలిపితే పావుగంట. రద్దీ సెంటర్లో అది ఎక్కువేనని తెలుసు, కానీ ఇలాంటి స్కాన్లు రోజూ రావు కదా.

ప్రశ్న: మా ఆవిడకి 21వ వారం. బిడ్డ గుండెలో పెద్ద లోపం ఉందని డాక్టరు నన్ను ఒక్కడినే పిలిచి చెప్పారు. ఆమెకి చెబితే తట్టుకోలేదని మా అమ్మ, మా మావయ్య అంటున్నారు. ‘బిడ్డ ఎదగడం లేదు’ అని చెప్పి ఆసుపత్రిలో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– పెందుర్తి

జవాబు: ఈ రోజే చెప్పండి. మీ పెద్దవాళ్ల ప్రేమని తప్పుపట్టడం లేదు, కానీ ఈ దారి మూసుకుపోయి ఉంది. గర్భం తీయించుకోవడానికి 18 ఏళ్లు నిండిన స్త్రీ విషయంలో చట్టానికి కావలసింది ఆమె రాతపూర్వక సమ్మతి ఒక్కటే. మీ సంతకం అవసరం లేదు, మీ అమ్మగారిదీ అవసరం లేదు. కారణం దాచి తీసుకున్న సంతకం సమ్మతి కిందికి రాదు. ఏ డాక్టరూ దానికి ఒప్పుకోకూడదు. మిమ్మల్ని ఒక్కరినే పిలిచి చెప్పడం కూడా సరికాదు. ముందు వినాల్సింది ఆమె.

దాచిన విషయం దాగదు కూడా. కడుపులో బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో స్కాన్‌కి వెళ్లినప్పుడో, డిశ్చార్జి కాగితం మీదో, ఏడాది తర్వాత ఏ చుట్టమో నోరు జారినప్పుడో బయటపడుతుంది. అప్పుడు బిడ్డ పోయిన బాధకి, ఇంట్లో అందరికీ తెలిసి తనకే తెలియదన్న బాధ తోడవుతుంది.

చెప్పే పని మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. డాక్టరు దగ్గర ఇద్దరికీ కలిపి టైమ్ అడగండి. ‘ఆమెకి మీరే చెప్పండి, నేను పక్కన ఉంటాను’ అనండి. పిల్లల గుండె డాక్టరుతో ఫీటల్ ఎకో తీయించి నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది ఒక్క ఆపరేషన్‌తో సరయ్యేదా, పలుమార్లు చేయాల్సిందా? పుట్టగానే చేయాలా, కొన్ని నెలలు ఆగొచ్చా? గుండె కాక ఇంకేమైనా ఉందా? ఉమ్మనీటి పరీక్ష అవసరమా? ‘గుండెలో లోపం’ అన్న ఒక్క మాటలో దానంతటదే మూసుకుపోయే చిన్న రంధ్రం నుంచి సగం గుండె ఎదగని స్థితి దాకా అన్నీ ఇమిడిపోతాయి. ఏదో తేలకుండా నిర్ణయం తీసుకోవద్దు.

గడువు కూడా చూసుకోండి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం (ఎంటీపీ చట్టం) ప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నప్పుడు, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 దాటితే రాష్ట్ర ప్రభుత్వం వేసిన మెడికల్ బోర్డుకి వెళ్లాలి. దరఖాస్తు అందిన 3 రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి, అనుమతిస్తే దరఖాస్తు అందిన 5 రోజుల్లోగానే ప్రక్రియ పూర్తి కావాలి. మీకింకా దాదాపు మూడు వారాలు చేతిలో ఉన్నాయి. ఎకో చేయించుకుని ఇద్దరూ ఆలోచించుకోవడానికి సరిపోతాయి, దాచిపెట్టి నాన్చడానికి సరిపోవు. బిడ్డని ఉంచుకోవాలనుకుంటే ఆ నిర్ణయానికీ అంతే మర్యాద ఉంది. అప్పుడు కాన్పు ఎక్కడ అన్నది ముందే అనుకోవాలి, నవజాత శిశువుల ఐసీయూ, పిల్లల గుండె వైద్యం దగ్గరున్న చోట.

ప్రశ్న: నాకు 20వ వారం. రిపోర్టులో ‘ఎడమ జఠరికలో ఎకోజెనిక్ ఫోకస్’ అని రాశారు. మా డాక్టరు ‘ఏం ఫర్వాలేదు’ అని పేజీ తిప్పేశారు. నెట్‌లో చూస్తే డౌన్ సిండ్రోమ్ అని ఉంది. వారం నుంచి నిద్ర లేదు.
– మధురవాడ

జవాబు: డాక్టరు గారు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కారణం మాత్రం చెప్పలేదు. అది గుండె కండరంలో స్కాన్‌కి తెల్లగా మెరిసే చిన్న చుక్క. గుండె పనితీరుకి దానితో ఏ సంబంధం లేదు. మామూలు బిడ్డల్లోనే నూటికి 3 నుంచి 5 మందిలో కనిపిస్తుంది, ఆసియా వాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఇలాంటి వాటిని సాఫ్ట్ మార్కర్లు అంటారు. ఇవి లోపాలు కావు. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువై బుద్ధి ఎదుగుదల తగ్గే స్థితి) ఉన్న బిడ్డల్లో కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి రిపోర్టులో రాస్తారు.

మీరు చూడాల్సింది మూడో నెలలో చేసిన ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి పొరను కొలిచేది), రక్త పరీక్ష. వాటిలో రిస్కు తక్కువని వచ్చి, టిఫాలో ఇంకేమీ లేకపోతే ఈ ఒక్క చుక్క కోసం ఉమ్మనీటి పరీక్ష అక్కర్లేదు. రక్త పరీక్ష చేయించుకోకపోతే ఎన్‌ఐపీటీ అనే పరీక్ష గురించి అడగండి. మీ రక్తంలో కలిసే బిడ్డ డీఎన్‌ఏని చూస్తారు, మీ రక్తంతోనే చేస్తారు, సూది పొట్టలోకి వెళ్లదు.

ఆ మూడో నెల పరీక్షల రిపోర్టులో 1:250 లాంటి అంకె ఉంటే దాన్ని ఇలా చదవండి: ఇదే ఫలితం వచ్చిన 250 మంది తల్లులుంటే ఒకరి బిడ్డకి డౌన్ ఉంటుంది, 249 మంది బిడ్డలకి ఉండదు. దాన్ని ‘పాజిటివ్ వచ్చింది’ అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ల వల్లే సగం భయాలు. టిఫా బాగుంటే డౌన్ లేదని అర్థం కూడా కాదు. చూపు, వినికిడి, తెలివితేటలు టిఫాలో కనిపించవు. పెదవి బాగుండి అంగిలి మాత్రం చీలి ఉంటే తప్పిపోవచ్చు.

ప్రశ్న: మాది ఏజెన్సీ. గర్భిణులు మొదటి స్కాన్‌కి ఆరో నెలలో వస్తారు. తల ఎదగని బిడ్డ అని రిపోర్టు వస్తే విశాఖ పంపిస్తాం. అక్కడ ఏం చెప్పారో వాళ్లకీ తెలియదు, మాకూ తెలియదు. మేం ఎలా సాయపడాలి?
– ఏఎన్‌ఎం, పాడేరు ప్రాంతం

జవాబు: పుర్రె పైభాగం, మెదడు ఎదగని ఈ స్థితిని అనెన్‌కెఫలీ అంటారు. ఇది 12 వారాల స్కాన్‌లోనే తెలిసిపోతుంది, కాబట్టి ఆరో నెలలో తెలియడం అన్యాయం. మీ చేతిలో ఉన్న మొదటి పని అదే: మూడో నెలలోనే మొదటి స్కాన్‌కి తీసుకురావడం, నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలకి పంపడం, 18–20 వారాల స్కాన్ తేదీని తల్లీబిడ్డ రక్షణ కార్డు మీద పెద్దగా రాయడం. ఘాట్ దిగి రావడానికే రోజు పోయే చోట 23వ వారంలో తేలితే చట్టం ఇచ్చిన గడువు ప్రయాణాల్లోనే కరిగిపోతుంది.

చెప్పేటప్పుడు నీళ్లు నమలకూడదు. పట్నంలో డాక్టర్లు ‘కష్టమే’ అంటారు. వినేవాళ్లకి అది ఖర్చవుతుందనో, పెద్దాసుపత్రికి వెళితే నయమవుతుందనో అర్థమవుతుంది. అప్పు చేసి ఇంకో ఆసుపత్రికి తిరుగుతారు. ఇక్కడ సాగదీయకుండా చెప్పాలి: ‘ఈ బిడ్డ కడుపులో ఉన్నంతవరకు ఉండొచ్చు. పుట్టాక బతకదు. కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. దీనికి మందు లేదు, ఆపరేషన్ లేదు. మీరు చేసిన తప్పు ఏదీ లేదు.’

ఆమెకి ఆదివాసీ ఒడియానో కువియో బాగా వస్తే ఆ భాషలో చెప్పే ఆశా కార్యకర్తని వెంట పంపండి. భర్తని, పెద్ద పిల్లని దుబాసీగా వాడొద్దు. భర్త తను మోయగలిగినంతే చెబుతాడు. చెప్పేవాళ్లకి రెండు నియమాలు: డాక్టరు రెండు వాక్యాలు చెప్పగానే ఆపి అవే చెప్పాలి, సొంత మాట కలపకూడదు. విశాఖలో కేజీహెచ్‌కో ఘోషా ఆసుపత్రికో పంపేటప్పుడు రిఫరల్ చీటీ మీద ‘తల్లికి ఏం చెప్పారో కింద రాయండి’ అని ఒక గీత గీసి పంపండి. రాసి తిరిగొస్తే మీరు ఊళ్లో అదే మాట మళ్లీ చెప్పగలుగుతారు. మొదట రాయరు. నాలుగోసారికి రాస్తారు.

ప్రశ్న: కోడలికి ఆరో నెల. బిడ్డకి గ్రహణం మొర్రి ఉందని స్కాన్‌లో చెప్పారు. గ్రహణం రోజు ఇంట్లో ఉండమన్నాను, వినలేదు. మేనరికం కూడా. తప్పెవరిదమ్మా?
– భీమిలి

జవాబు: ఎవరిదీ కాదండీ. పై పెదవి రెండో నెల దాటకముందే అతుక్కుంటుంది, చాలామందికి గర్భం సంగతి సరిగ్గా తెలిసే వేళకే. ఆ తర్వాత వచ్చిన ఏ గ్రహణమూ దాన్ని చీల్చలేదు, ముందు వచ్చినదీ చీల్చలేదు. మేనరికం మాట వేరు. ఏ దంపతులకైనా లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి 2, 3 ఉంటే, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే అది దాదాపు రెట్టింపు. అంటే నూటికి 94 మందికి పైగా బాగానే పుడతారు. ఈ చీలికకి మేనరికమే కారణమని తేల్చి చెప్పలేం. ఆ పెళ్లి చేసింది పెద్దలే కదా, ఇప్పుడు నింద కోడలి మీద ఎందుకు?

స్కాన్ వాళ్లని మళ్లీ అడగాల్సినవి: పెదవి ఒక్కటేనా, చిగురు, అంగిలి దాకా వెళ్లిందా? ఒక వైపా, రెండు వైపులా? గుండె, మెదడు బాగున్నాయా? పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలిది 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకంలో మొర్రి ఉంది, పుట్టగానే నమోదు చేయించండి. ఆపరేషన్ ముందు, తర్వాత తీసిన పిల్లల ఫొటోలు డాక్టరు దగ్గర ఉంటాయి. కోడలికి ఒకసారి చూపించమని అడగండి, మీరూ పక్కన ఉండి చూడండి. పాలు పట్టడం మొదట్లో ఇబ్బంది: బిడ్డని నిటారుగా ఎత్తిపట్టుకోవాలి, అంగిలి చీలి ఉంటే తల్లి పాలు పిండి చెంచాతో పట్టాల్సి రావొచ్చు.

ప్రశ్న: లోపం కారణంగా ఐదో నెలలో గర్భం తీసిన తల్లిని మా వార్డులో బాలింతల పక్కనే పడుకోబెడతాం, మంచాలు లేవు. ఆమెకి మేం ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు?
– స్టాఫ్ నర్సు, విశాఖ

జవాబు: మంచం లేకపోతే కనీసం గోడ వైపు చివరిది ఇచ్చి తెర కట్టండి. కేస్ షీట్ మీద గుర్తు పెట్టండి, డ్యూటీ మారిన సిస్టర్ వచ్చి ‘పాప పాలు తాగిందా’ అని అడగకుండా.

ముందే చెప్పాల్సింది పాల గురించి. ఐదో నెలలో గర్భం తీసినా రెండు మూడు రోజులకి పాలు పడతాయి. ఎవరూ చెప్పక ఇంటికెళ్లాక రొమ్ములు గట్టిపడి, చీర తడిసి, ఆ తల్లి కుప్పకూలిపోతుంది. బిగుతైన లోదుస్తులు, చల్లటి గుడ్డ, పిండకుండా వదిలేయడం, పాలు ఆగే మాత్ర గురించి డాక్టరుని అడగడం, ఇవన్నీ డిశ్చార్జికి ముందే చెప్పండి. బిడ్డని చూస్తారా అని అడగండి. వద్దంటే వదిలేయండి, గంట తర్వాత ఇంకొక్కసారి అడగండి. చూస్తానంటే గుడ్డలో చుట్టి, ఏం కనిపిస్తుందో ముందు మాటల్లో చెప్పి, అప్పుడు చూపించండి. బంధువులు ఎవరడిగినా కారణం చెప్పకండి. ఆమె వివరాలు బయటపెట్టడం ఎంటీపీ చట్టం కింద ఏడాది దాకా జైలుశిక్ష పడే నేరం.

బిడ్డని ఇంటివాళ్లకి అప్పగించేముందే శవ పరీక్ష, ఎక్స్‌రే, జన్యు పరీక్షకి చిన్న నమూనా గురించి డాక్టరు చేత తల్లిదండ్రులని అడిగించండి. ఆ అవకాశం మళ్లీ రాదు. వచ్చేసారి ఇలాగే అవుతుందా అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు అందులోనే ఉంటుంది. స్కాన్‌లో ఒకటి కనిపించి, పరీక్షలో ఇంకొకటి తోడై, జబ్బు పేరే మారిన సందర్భాలున్నాయి. ఆ ఫలితాలు వచ్చాక, ఆరు వారాలకి, భార్యాభర్తలిద్దరినీ రమ్మని తేదీ రాసివ్వండి. వెన్నెముక, మెదడు లోపమైతే మళ్లీ గర్భం అనుకునే ముందు కనీసం నెల, వీలైతే మూడు నెలల నుంచే రోజుకి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వాడాలని ఆ చీటీ మీదే రాయించండి. మామూలు గర్భిణులకిచ్చే చిన్న మోతాదు మాత్ర వీళ్లకి చాలదు.